మన గడపకు చిరునామా ఏది?

స్వంత రాతలను స్వంత యంత్రంలోనే ఉంచుకోవాలన్న కోరిక వింతదేమీ కాదు. ఉచితంగా దొరికిన చోటు ఏనాటికైనా పరులదే. 2009లో జియోసిటీస్ మూతపడిన సంగతి పాతకాపులు మరచి ఉండరు. అందుకే ఇంట్లో సర్వరు నిలుపుకొనేవారంటే నాకు గౌరవం. అయితే వారిలో చాలామంది ఒకేచోట చతికిలబడుతున్నారు: ఇంట్లో తెరుచుకునే పేజీ బయటినుండి తెరుచుకోదు.

ఇటువంటప్పుడు తోచిన మీటలన్నీ నొక్కడంకంటే లోపలినుండి బయటికి నడవడం మేలని నా అభిప్రాయం. మొదట అదే యంత్రంలో 127.0.0.1 తెరవాలి. పిదప ఇంట్లోని మరో యంత్రం నుండి, సర్వరుకు రౌటరు ఇచ్చిన లోపలి చిరునామాతో (తరచు 192.168తో మొదలవుతుంది) ప్రయత్నించాలి. మొదటిది పలికి రెండవది పలకకుంటే, సర్వరు తన యంత్రం మాట మాత్రమే వింటున్నదనో, ఫైర్‌వాల్ అడ్డుపడుతున్నదనో అనుమానించాలి. రెండూ పలికితే, రౌటరులో 80, 443 పోర్టులను ఆ యంత్రానికి మళ్ళించామో లేదో చూడాలి. చివరి పరీక్ష మాత్రం ఇంటి వైఫై వదిలి మొబైల్ డేటాతో చేయాలి. ఇంట్లోనుండి ఇంటి బయటి చిరునామాకే వెళ్ళబోతే కొన్ని రౌటర్లు దారి ఇవ్వవు.

ఇన్నీ సరిపోయినా తలుపు తెరుచుకోకుంటే, రౌటరు తన బయటి చిరునామాగా చూపేదానిని బయటి సైట్లు చూపే మన చిరునామాతో పోల్చండి. రెండూ వేరై, రౌటరుది 100.64 నుండి 100.127 లోపుదైతే లోపం మీది కాదు. కనెక్షన్ ఇచ్చిన సంస్థ ఒకే చిరునామాను అనేక ఇళ్ళకు పంచింది. ఉత్తరం వీధి మొదటి దాకా వస్తుంది. ఏ ఇంట్లో ఇవ్వాలో పోస్ట్‌మ్యాన్‌కు తెలియదు.

ఐపీవీ4 చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లు. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో అడుగంటింది. మరుసటి ఏడు ఈ పంపకం కోసమే ఆ 100.64 వరుసను కేటాయించారు. కొరతను నేను కాదనను. కాని ఈ పంపకంలో చదివే వీలు చెక్కుచెదరలేదు, వడ్డించే వీలే పోయింది. మా సంస్థవారిని స్వంత చిరునామా అడిగితే "మీకెందుకండీ?" అన్నారు. ధరకన్నా ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ నొప్పించింది.

అద్దె టన్నెళ్ళు ఉన్నాయిగా అంటారు కొందరు. పనికొస్తాయి, నిజమే, కాని మళ్ళీ పరుల గడపే కదా! అసలు మందు ఐపీవీ6, యంత్రానికొక చిరునామా. అక్కడా ఫైర్‌వాల్‌లో దారి తెరవాలి, చదివేవారి వైపూ ఐపీవీ6 ఉండాలి. కనెక్షన్ తీసుకునేటప్పుడు వేగమెంతో అడుగుతాం. బయటినుండి మా ఇంటికి దారి ఉందా అని కూడా అడుగుదాం. అడగనిదే అమ్మైనా పెట్టదు.