పడవల దారిలో, ఇళ్ల నీడలో మనాటీ

ఫ్లోరిడా మనాటీ తీరాన్ని ఆనుకుని బతికే జంతువు. సుమారు మూడు మీటర్ల పొడవు, నాలుగైదు వందల కిలోల బరువు ఉండే ఈ క్షీరదం నదీముఖాల్లో, ఉప్పునీటి సరస్సుల్లో పెరిగే సముద్రపు గడ్డిని మేస్తుంది. ఊపిరి తీసుకోవడానికి కొద్ది నిమిషాలకోసారి పైకి తేలుతుంది. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ఎక్కువ కాలం తట్టుకోలేదు కనుక చలికాలంలో వెచ్చని ఊటలను వెతుక్కుంటూ వెళ్తుంది. లోతు తక్కువ నీళ్లు, గడ్డి, ఊటలు అన్నీ ఉండేది ఒడ్డు పక్కనే. ఫ్లోరిడాలో జనం ఇల్లు కట్టుకోవాలని ఆశపడేదీ, పడవ కట్టేసుకునేదీ అక్కడే. ఆ రాష్ట్రంలో నమోదైన పడవలు దాదాపు పది లక్షలు.

పడవ తగిలిన మనాటీ వీపు మీద ప్రొపెల్లర్ గాట్లు వరసగా పడతాయి. పరిశోధకులు ఒక్కో జంతువును గుర్తుపట్టేది ఈ మచ్చలను బట్టే; వాటి ఫొటోలతో పెద్ద జాబితానే తయారైంది. ఒంటి మీద మచ్చ లేని పెద్ద మనాటీ అరుదు. అయితే పైకి కనిపించని దెబ్బ కూడా అంతే ప్రాణాంతకం. మనాటీ ఊపిరితిత్తులు వీపు పొడవునా పరచుకుని ఉంటాయి. పక్కటెముకలు బరువైనవే కానీ పెళుసు. పడవ అడుగుభాగం గట్టిగా గుద్దితే ఎముక విరిగి ఊపిరితిత్తిలో దిగుతుంది. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి, ప్రొపెల్లర్‌కు తొడుగు వేసినంత మాత్రాన సమస్య తీరదు, పడవ నెమ్మదించాల్సిందే. 2019లో పడవల వల్ల 130కి పైగా మనాటీలు చనిపోయాయి. ఆడ మనాటీ సాధారణంగా రెండు నుంచి ఐదేళ్లకు ఒక్క పిల్లనే కంటుంది. ఆ లెక్కన ఒక్క తల్లి పోయినా లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది.

మనాటీని చంపకూడదని ఫ్లోరిడా 1893లోనే చట్టం చేసింది. 1967లో అమెరికా ప్రభుత్వం ప్రకటించిన తొలి అంతరించిపోతున్న జీవుల జాబితాలో దానికి చోటు దక్కింది. 1978 నాటి రాష్ట్ర చట్టం వేగ పరిమితులకు దారి తీసింది. 1989లో 13 కౌంటీలు మనాటీ రక్షణ ప్రణాళికలు రాసుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. ఈ ప్రణాళికల్లో వేగంతో పాటు రేవుల ప్రస్తావనా ఉంటుంది. కొత్త పడవ రేవు ఎక్కడ కట్టవచ్చు, ఎన్ని పడవలకు చోటివ్వవచ్చు అన్నది ముందే నిర్ణయిస్తారు. మనాటీలు ఎక్కువగా తిరిగే కొన్ని తీరాల్లో 100 అడుగుల ఒడ్డుకు ఒక్క మరపడవనే అనుమతిస్తారు. దూరదృష్టి గల నిబంధన ఇదే. ఒడ్డున ఇల్లు వస్తే జెట్టీ వస్తుంది, జెట్టీ వస్తే పడవ వస్తుంది. కేప్ కోరల్ నగరమే ఇందుకు ఉదాహరణ. 1950ల చివర నుంచి చిత్తడి నేలను తవ్వి, 640 కిలోమీటర్లకు పైగా కాలువలతో దాన్ని నిర్మించారు. అలాంటి చోట నీటి మీద హెచ్చరిక బోర్డులు పెట్టడం చివరి దశలో చేసే పని; అసలు నిర్ణయం భవన అనుమతి ఇచ్చినప్పుడే జరిగిపోతుంది.

1990లతో పోలిస్తే సంఖ్య బాగా పెరగడంతో 2017లో మనాటీని ‘అంతరించిపోతున్న’ వర్గం నుంచి ‘ముప్పు ఉన్న’ వర్గానికి మార్చారు. ఆ నిర్ణయం తొందరపాటేమోనన్న ప్రశ్న నాలుగేళ్లకే తలెత్తింది. అట్లాంటిక్ తీరంలో ఇండియన్ రివర్ లగూన్ ఉంది. పులికాట్ మాదిరిగా సముద్రాన్ని ఆనుకున్న ఉప్పునీటి సరస్సు అది. పొడవు దాదాపు 250 కిలోమీటర్లు. చుట్టూ పెరిగిన ఊళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచీ, పచ్చిక బయళ్లకు చల్లే ఎరువుల నుంచీ నత్రజని, భాస్వరం అందులోకి చేరుతూ వచ్చాయి. 2011 నుంచి నాచు విపరీతంగా పెరిగి ఎండ కిందికి దిగనివ్వలేదు. సగానికి పైగా సముద్రపు గడ్డి నశించింది. 2021లో ఫ్లోరిడాలో 1,100 మనాటీలు చనిపోయాయి; వాటిలో చాలా వాటిని చంపింది ఆకలి. మరుసటి చలికాలంలో, వేడినీటి కోసం మనాటీలు చేరే కేప్ కానవెరల్ విద్యుత్ కేంద్రం దగ్గర ప్రభుత్వమే సుమారు 90 టన్నుల లెట్యూస్ ఆకులు వేసి మేపాల్సి వచ్చింది. ఈ జంతువులు పడవలను తప్పించుకున్నాయి, తీరాన్ని తప్పించుకోలేకపోయాయి.

ఊటల సంగతి కొంత మెరుగు. సెయింట్ జాన్స్ నది పక్కనున్న బ్లూ స్ప్రింగ్‌లో నీరు ఏడాది పొడవునా దాదాపు 22 డిగ్రీలు ఉంటుంది. చలికాలంలో అక్కడ పడవలకూ ఈతకూ అనుమతి లేదు. 1970ల ఆరంభంలో కొద్ది పదుల మనాటీలే వచ్చిన ఆ ఊటలో, 2024 జనవరిలో ఒక్కరోజే 900కి పైగా కనిపించాయి. బోర్ల ద్వారా భూగర్భ జలాన్ని తోడేస్తే ఊట సన్నగిల్లుతుంది కనుక, 2006లో దానికి కనీస ప్రవాహ ప్రమాణాన్ని నిర్ణయించారు. క్రిస్టల్ రివర్‌లోని త్రీ సిస్టర్స్ ఊటల చుట్టూ ఇళ్లు లేవాల్సిన భూమిని 2010లో ప్రజాధనం, విరాళాలతో కొని వన్యప్రాణి శరణాలయానికి జతచేశారు.

ఇక మిగిలింది విద్యుత్ కేంద్రాల ప్రశ్న. ఫ్లోరిడా మనాటీల్లో సగానికి పైగా చలికాలం గడిపేది కేంద్రాలు వదిలే వేడినీటి దగ్గరే. తల్లి వెంట ఒకసారి వచ్చిన పిల్ల ఏటా అక్కడికే చేరుతుంది. పాత కేంద్రాలు మూతపడే రోజు వస్తోంది. అప్పటికి సహజ ఊటలకు దారులు తెరవాలి, వాటి చుట్టూ గడ్డి మళ్లీ నాటాలి, కొత్త నిర్మాణాలను ఒడ్డుకు దూరంగా ఆపాలి. గడ్డి వేరూనడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ పని కేంద్రాలు నడుస్తున్నప్పుడే మొదలుపెట్టాల్సి ఉంటుంది.