ఏడు నెంబరు భక్తులకి ఒక మనవి

పోయిన వారం తెనాలి నుంచి బావగారు ఫోన్ చేశారు. వానలు, పసుపు ధర, ఎదురింటివాళ్ళ మేడ అన్నీ అయ్యాక అసలు సంగతిలోకొచ్చారు. "ఏమోయ్, ఈసారి వచ్చేటప్పుడు మావాడికో ల్యాప్‌టాప్ పట్రావాలి. సన్నగా, తేలిగ్గా ఉండాలిట. 7 ఉండాలిట. 5 అయితే క్లాసులో పరువు పోతుందిట."

"ఏం 7 బావగారూ?" అన్నాను.

"అదేనోయ్, 7! సాఫ్ట్‌వేరు వాడివి, నీకు తెలీదూ?"

తెలుసండీ. తెలిసీ ఒకసారి గడ్డి కరిచాను. ఆ కథ చెప్పి, తరవాత తిట్టాల్సినవాళ్ళని తిడతాను.

2019 చివర్లో ఇలాగే ఇదే బావగారు, దుగ్గిరాల యార్డులో పసుపు అమ్మిన డబ్బులోంచి డెబ్భై వేలు తీసి, మా మేనకోడలికి ల్యాప్‌టాప్ తెమ్మన్నారు. థాంక్స్ గివింగ్ మర్నాడు ఎముకలు కొరికే చలిలో క్యూలో నుంచుని కొన్నాను. కంపెనీ పేరెందుకు లెండి. స్టిక్కరు మీద పెద్ద అంకె, కిలోకి కాస్త ఎక్కువ బరువు, అద్దంలా మెరిసే మూత. సూట్‌కేసులో బరువు కలిసొస్తుంది, 18 దాటిన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ మీద సుంకమూ లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు నెలల్లో లాక్‌డౌన్ వచ్చింది. పిల్ల హాస్టల్ నుంచి ఇంటికొచ్చేసింది. క్లాసులూ, ప్లేస్‌మెంట్ పరీక్షలూ అన్నీ ఆ ల్యాప్‌టాప్ మీదే. మే నెల తెనాలి ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. దాని కింద రెండు లెక్కల పుస్తకాలు ఎత్తుపెట్టి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపు తిప్పి, తను చెమటలు కారుతూ కూర్చునేది. ఒక కంపెనీవాళ్ళ కోడింగ్ పరీక్ష, తొంభై నిమిషాలు, కెమెరా ఆన్‌లో ఉంచాలి. ఇరవై నిమిషాలకి మెషీను నత్తయింది. టైపు చేసిన అక్షరం తెర మీదికి రావడానికి తీరిగ్గా ఆలోచించుకునేదిట. ఆ ఉద్యోగం పోయింది.

నాకు గుచ్చుకున్నది అది కాదు. రాత్రి ఫోన్‌లో ఆ పిల్ల, "మావయ్యా, నేనే ఏదో పనికిరాని ప్రోగ్రాం ఎక్కించి పాడుచేశానేమో, నాన్నకి చెప్పకు" అంది. తప్పు తనదనుకుంది! ల్యాప్‌టాప్ అసలు పాడవనే లేదు. దాన్ని ఎలా తయారుచేశారో అలాగే పనిచేసింది. నేను చూసింది స్టిక్కరు మీద అంకె, ఆ పిల్లకి దక్కింది సన్నటి పెట్టె. గొడవంతా అక్కడుంది.

ఈ అంకెల పిచ్చి కొత్తది కాదు. మేం ఇక్కడికొచ్చిన కొత్తలో అందరం గిగాహెర్ట్జులు లెక్కపెట్టేవాళ్ళం. 2003లో ఇంటెల్ సెంట్రినో అని తెచ్చింది. అందులోని పెంటియం ఎం, ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం చేసింది, 1.6 గిగాహెర్ట్జ్‌తోనే, తనకంటే చాలా ఎక్కువ గిగాహెర్ట్జులున్న పెంటియం 4 మొబైల్‌కి దీటుగా పరిగెత్తింది, బ్యాటరీ కూడా మిగిల్చింది. గిగాహెర్ట్జులు అబద్ధమాడుతున్నాయని ఒప్పుకుని 2004 నుంచి మోడల్ నెంబర్లు పెట్టారు. ఇప్పుడు ఆ నెంబర్లే అబద్ధమాడుతున్నాయి.

ఎలాగంటారా? 2016లో మొదలైన ఇంటెల్ ఏడో తరం చూడండి. ఐ7-7వై75 అని ఒకటి, 4.5 వాట్లు. ఐ7-7500యూ అని ఇంకొకటి, 15 వాట్లు. ఐ7-7700హెచ్‌క్యూ, 45 వాట్లు, నాలుగు కోర్లు. మూడింటికీ స్టిక్కరు మీద 7! మొదటిదాని అన్నయ్యలు ముందు తరంలో కోర్ ఎం7 అని వేరే పేరుతో ఉండేవి. పేరు మార్చి 7 చేశారు. ఏఎండీ ఏమైనా తక్కువ తిందా? 2023లో రైజెన్ 5 7520యూ అని అమ్మారు. 7000 సిరీస్ అంటే సరికొత్త అనుకుంటాం కదూ? లోపల కోర్లు 2019నాటి జెన్ 2 డిజైను. మూడో అంకె చూస్తే తెలుస్తుందట! ల్యాప్‌టాప్ కొనేవాడు పంచాంగం చదివినట్టు అంకెల్లో అంకె వెతుక్కోవాలన్నమాట.

అంతకన్నా పెద్ద రహస్యం ఇంకొకటుంది. అదే ప్రాసెసర్ రెండు ల్యాప్‌టాపుల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. 15 వాట్లు ఇవ్వాలా, 28 ఇవ్వాలా అన్నది పెట్టె చేసేవాడి ఇష్టం. పెట్టె సన్నబడితే లోపల రాగి గొట్టానికీ ఫ్యానుకీ చోటుండదు, వేడి బయటికి పోదు. మొదటి అరనిమిషమో ఇంకాస్తో శక్తికి మించి పరిగెత్తి, ఆనక ఆయాసంతో కూలబడుతుంది. షాపులో మనం చూసేది ఆ అరనిమిషమే! వేగం పెంచాలంటే ఓల్టేజీ పెంచాలి, ఖర్చయ్యే కరెంటు ఓల్టేజీ వర్గంతో పెరుగుతుంది. ఓల్టేజీ 20 శాతం పెరిగితే ఆ ఒక్కదానివల్లే ఖర్చు 44 శాతం పెరుగుతుంది. ఆ వేడంతా ఎక్కడికి పోవాలి? మే నెలలో తెనాలి గదిలోకా?

మన ఇళ్ళల్లో రాత్రిపూట వెలిగే పాత జీరో బల్బు గుర్తుందా? పేరుకి జీరో, తినేది సుమారు 15 వాట్లు. సన్నటి ల్యాప్‌టాప్ ప్రాసెసరూ చాలాకాలం అంతే. బల్బు డబ్బా మీద వాట్లు రాస్తారు, ఫ్రిజ్ మీద నక్షత్రాలు అంటిస్తారు. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ డబ్బా మీద మాత్రం, ఆగకుండా గంటసేపు ఎన్ని వాట్లు నడపగలదో రాయరు. రాస్తే అంకె మహిమ పోతుంది మరి!

"ఇవన్నీ పాత కబుర్లు, ఇప్పుడు సన్నటివి బాగుపడ్డాయి" అని మా ఆఫీసు కుర్రాళ్ళు అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. 2020 నవంబరులో ఆపిల్ ఎం1 వచ్చింది, ఫ్యానే లేని మ్యాక్‌బుక్ ఎయిర్ చూసి అందరం నోరెళ్ళబెట్టాం. కానీ అదే ఎం1 ఫ్యానున్న మ్యాక్‌బుక్ ప్రోలోనూ పెట్టారు. చిన్నపనుల్లో రెండూ సమానం. పది నిమిషాలు గట్టిగా నలిపితే ఎయిర్ వెనకబడుతుంది. చిప్ ఎంత మంచిదైనా వేడి వేడే. పైగా ఎయిర్‌లో మొదటి మెట్టు మెమరీ 2024 అక్టోబరు దాకా 8 జీబీయే, తరవాత ఒకటి తగిలించుకునే వీల్లేదు.

మన హైదరాబాదు సత్య నాదెళ్ళ గారి మైక్రోసాఫ్ట్ 2024 మే 20న కోపైలట్ ప్లస్ పీసీలని ప్రకటించింది. సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక భాగం ఉండాలన్నారు. ఇంకో కొత్త అంకె! అందులో నాకు నచ్చింది ఒక్కటే, కనీసం 16 జీబీ మెమరీ ఉండాలన్న షరతు. ముందుగా వచ్చిన స్నాప్‌డ్రాగన్ మెషీన్లు బ్యాటరీ విషయంలో భేషైనవే. కానీ పాత ప్రోగ్రాములని అనువదించి నడపగలవేమోగానీ, పాత డ్రైవర్లని అనువదించలేవు. కాలేజీ ల్యాబ్ పరికరమో, ఆఫీసు వీపీఎన్నో మొరాయిస్తే పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి?

అందుకని నా మనవి. ల్యాప్‌టాప్ తెమ్మనే అక్కలూ బావలూ, తెచ్చే తమ్ముళ్ళూ, 7 సంగతి మరిచిపోండి. మూడు అడగండి. ఒకటి, ఈ పెట్టెలో ఈ చిప్ అరగంట తరవాత ఎంత వేగంగా నడుస్తోంది? కొలిచి చెప్పే సమీక్షలున్నాయి, పేరు చూసి కాదు, అదే మోడల్ సమీక్ష చదవండి. రెండు, లోపల కోర్లు ఏ ఏటివి? మూడు, మెమరీ ఎంత, తరవాత పెంచుకోవచ్చా? 16 కన్నా తక్కువైతే స్టిక్కరు మీద ఏ అంకె ఉన్నా వద్దు. చల్లగా నడిచే 5, ఆయాసపడే 7 కన్నా నూరుపాళ్ళు మేలు.

"అయితే పిల్లవాడు మూడు కిలోల ఇనప్పెట్టె మొయ్యాలా?" అనకండి. వేలెడు మందం ఎక్కువుంటే, ఒక్క ఫ్యాను సరిగా ఉంటే చాలు. నిజానికి సన్నదనం మీద మోజు పిల్లలది కాదు, మనది. విమానంలో బరువు కలిసొస్తుందని, చుట్టాల ముందు సూట్‌కేసులోంచి తీస్తే మెరుస్తుందని. నేను కొన్నది నా మేనకోడలికి కాదు, నా గొప్పకి. ఇది రాయడానికి నాకిన్నేళ్ళు పట్టింది.

ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. తన డబ్బుతో తనే ఒకటి కొనుక్కుంది, కాస్త లావుగానే ఉంటుంది. బావగారి ఫోన్ సంగతి చెబితే నవ్వింది. "మావయ్యా, తమ్ముడికి నువ్వేమీ తేవొద్దు. ఇక్కడే షాపుకి తీసుకెళ్ళి అరగంట నడిపించి చూసి కొనిపిస్తాను. నువ్వు మాత్రం నాన్నకి ఆ పరీక్ష సంగతి ఇప్పటికైనా చెప్పు" అంది.

ఈ ఆదివారం బావగారికి ఫోన్ చెయ్యాలి.