జమాఖర్చులు: కూర్చుని తినే టిఫిను

ఆదివారం పొద్దున ఇంట్లో పొయ్యి వెలిగించకుండా అందరూ కలిసి హోటలుకు వెళ్ళి టిఫిను తినడం ఒకప్పుడు మన ఇళ్ళలో పెద్ద కార్యక్రమం. అమ్మకు సెలవు, పిల్లలకు పండుగ, నాన్న జేబుకు కాస్త చురుకు. ఇప్పుడది వారానికి రెండుసార్లు జరిగే మామూలు వ్యవహారమైపోయింది. ఈసారి ఆ టిఫిను గురించే రాస్తున్నాను. డిపాజిట్ల వడ్డీ గురించి రాయమని అడిగిన సభ్యులు మన్నించాలి, అది వచ్చే సంచికలో చూద్దాం.

బెంగుళూరులో స్థిరపడ్డ మనవాళ్ళ ఇంటికి ఆంధ్ర నుంచి చుట్టాలొస్తే మొదటి రోజు ఉదయమే హోటల్లో ఒక పేచీ తప్పదు. సాంబారు ఇలా తియ్యగా ఉందేమిటి, పల్లీ చట్నీ ఏదీ, అల్లప్పచ్చడి అడిగితే సర్వరు అలా చూస్తాడేం అని. ఉప్మా అనుకుని తెప్పిస్తే పసుపురంగులో ఖారాబాత్ వస్తుంది. దాని పక్కనే తియ్యటి కేసరిబాత్ కూడా పెట్టి ఒకే ప్లేటులో ఇస్తే అది చౌచౌబాత్. మద్రాసు నుంచి వచ్చిన మా తోడల్లుడు ఆ పేరు వినగానే బెంగుళూరు వంకాయతో చేసిందేమోనని వద్దన్నాడు. పాపం, అక్కడ ఆ కాయనే చౌచౌ అంటారు మరి. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోయించుకునే 'బై టూ' పద్ధతి మాత్రం మనవాళ్ళు మారు మాట లేకుండా మొదటి రోజే నేర్చుకుంటారు. నాలుగు రోజులు పోయాక వాళ్ళే ఆ తియ్యటి సాంబారు మళ్ళీ పోయించుకుంటూ కనిపిస్తారు. ఊరి రుచి అలా నాలుక మీదికి ఎక్కుతుంది. ఇక్కడ పుట్టి పెరిగిన మా పిల్లలకైతే విజయవాడ వెళ్ళినప్పుడు బాబాయి హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ వింత, ఇక్కడి కొబ్బరి చట్నీయే సొంతం.

ఈ ఊరి హోటళ్ళలో నేను బి.కాం. చదివే రోజుల నుంచీ ప్రత్యేకంగా గౌరవించేది లాల్‌బాగ్ రోడ్డులోని ఎం.టి.ఆర్.ను. రుచి ఒక కారణం, లెక్క ఇంకో కారణం. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన మయ్య సోదరులు 1924లో కాఫీ క్లబ్బుగా మొదలుపెట్టారు. 1960లో ఇప్పుడున్న భవనంలోకి వచ్చి మావళ్ళి టిఫిన్ రూమ్స్ అయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కటకట వచ్చినప్పుడు రవ్వతో ఇడ్లీ చేసి చూశామనీ, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందనీ ఆ హోటలు వారు చెప్పుకుంటారు. నన్ను ఆకట్టుకున్నది అదొక్కటే కాదు. ఎమర్జెన్సీ కాలంలో హోటళ్ళు ఇంత ధరకే అమ్మాలని ప్రభుత్వం నిర్బంధించింది. ఆ ధరకు ఆ నాణ్యత గిట్టదు. పాలల్లో నీళ్ళు కలపవచ్చు, నెయ్యి మార్చవచ్చు, ఇడ్లీ చిన్నది చేయవచ్చు. వాళ్ళు అవేవీ చేయలేదు. సర్కారు చెప్పిన ధరకే అమ్ముతూ, ఏ రోజు ఎంత నష్టం వచ్చిందో ఒక బోర్డు మీద రాసి బయట పెట్టారట. చివరికి హోటలు మూసేశారు. పనివాళ్ళను వీధిన పడేయకుండా రవ్వ ఇడ్లీ వగైరాల పొడులు పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. హోటలు తిరిగి తెరుచుకున్నది 1984లో. ఆ పొట్లాల వ్యాపారం ఎంత పెరిగిందంటే 2007లో నార్వే దేశపు ఓర్క్లా కంపెనీ దాన్ని కొనుక్కుంది. లాభనష్టాల పట్టికను ఆడిటరుకు కాక తినడానికి వచ్చినవాడికి చూపించిన హోటలు ఇంకొకటి నాకు తెలియదు.

అక్కడా, గాంధీబజారులో 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్‌లోనూ ఆదివారం పూట కాచుకోవాల్సిందే. పేరు రాయించి నిలబడాలి. పిలుపు వచ్చాక ముక్కూ మొహం తెలియని వాళ్ళ బల్ల దగ్గర ఖాళీ ఉన్న కుర్చీలో కూర్చోవాలి. విద్యార్థి భవన్‌లో సర్వరు ఒక చేతి మీద దోసె ప్లేట్లు మెట్లు మెట్లుగా పేర్చుకుని వస్తుంటే మాటలు ఆపి చూస్తాం. ఎదుటి కుర్చీలో ఎవరున్నా పది నిమిషాల్లో పలకరింపులు కలుస్తాయి. నాకు ఇద్దరు ఖాతాదారులు అలా దొరికారు.

ఇక 1983లో జయనగరులో కెఫె దర్శిని వచ్చింది. చీటీ కొనుక్కో, కౌంటరు దగ్గర ప్లేటు అందుకో, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తిను, వెళ్ళు. వంట కళ్ళెదుటే జరుగుతుంది, ధర తక్కువ, టిప్పు లేదు. ఆ తర్వాత దర్శిని అన్నది ఒక హోటలు పేరుగా కాక ఒక జాతి పేరుగా మారింది. నేను దర్శినులకు వ్యతిరేకిని కాను. ఆటో డ్రైవరూ, ఆఫీసరూ ఒకే బల్ల మీద మోచేతులు ఆనించి తినే చోటు ఇంకెక్కడుంది? శంకరపురంలో 1965 నుంచి ఉన్న బ్రాహ్మిన్స్ కాఫీ బార్ కూడా నిలబడి తినే చోటే. అక్కడ ఇడ్లీకి సాంబారే ఇవ్వరు, చట్నీ మాత్రమే. అయినా జనం తగ్గరు.

కాని కుర్చీలు ఎందుకు మాయమవుతున్నాయో బ్యాంకు వాడిగా ఒకసారి లెక్క కట్టాను. ఇవి ఊహించుకున్న అంకెలే, ఏ హోటలు పుస్తకాల్లోంచి తీసినవీ కావు. ఉదయం 4 గంటల వ్యాపారం అనుకుందాం. కుర్చీలో కూర్చున్నవాడు కాఫీతో కలిపి 30 నిమిషాలు తీసుకుంటే ఆ కుర్చీకి 8 మంది. మనిషికి 90 రూపాయల చొప్పున 720. అదే జాగాలో ఇద్దరు నిలబడి పదేసి నిమిషాల్లో తినేసి వెళ్తే 48 మంది, అంటే 4,320 రూపాయలు. అద్దె అడుగుల లెక్కన కట్టే యజమానికి కుర్చీ మీద ప్రేమ ఎలా ఉంటుంది? అప్పు మంజూరు చేసే చోట కూర్చున్న నేను కూడా ఆ రెండో అంకెనే ఇష్టపడతాను. ఇందులో నేను దాచేదేమీ లేదు.

మా పేటలో ఒక హోటలుంది. పేరు అక్కర్లేదు. పన్నెండు బల్లలు, నలభైకి పైగా కుర్చీలు ఉండేవి. ప్రతి ఆదివారం తొమ్మిదింటికి ఆరుగురు పెద్దలు కిటికీ పక్క బల్ల దగ్గర చేరేవారు. అందరూ రిటైరైనవాళ్ళే. ఇద్దరు కన్నడిగులు, ఒక తమిళాయన, ముగ్గురు మనవాళ్ళు. తెలుగు, కన్నడం, తమిళం కలిపి ఒక సాంబారు భాష మాట్లాడేవారు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన హిందూపురం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వయసు 81. భార్య పోయి ఆరేళ్ళు, కొడుకు అమెరికాలో. ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేరు, చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళతో హిందీయో ఇంగ్లీషో ఆడాలి. వారానికి ఒకసారి నోరారా తెలుగు మాట్లాడే చోటు ఆ బల్లే.

2022లో ఆ హోటలుకు మరమ్మతులు చేశారు. రంగులు కొత్తవి, దీపాలు కొత్తవి, ఎత్తు బల్లలు కొత్తవి. కుర్చీలు మాత్రం లేవు. పెద్దాయన మూడు నాలుగు వారాలు వచ్చారు. ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో ఇడ్లీ తుంచుకుని తింటుంటే చూశాను. ప్లేటు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు కదా. తర్వాత రావడం మానేశారు. ఒక సాయంత్రం చూడటానికి వెళ్తే, కొడుకు అక్కడినుంచి ఫోనులో ఆర్డరు పెడుతున్నాడనీ, ఆదివారం టిఫిను తలుపు దగ్గరికే వస్తోందనీ చెప్పారు. బాగుంటోందా అని అడిగాను. "ఇడ్లీకేం నాయనా, బాగానే ఉంది. మాట్లాడేదానికే ఎవురూ లేరు" అన్నారు. మిగతా ఐదుగురిలో ఇద్దరు ఇంకో హోటలుకు మారారు, ఒకాయన కూతురి దగ్గరికి పుణె వెళ్ళిపోయారు. బల్ల పోతే ఆరుగురూ ఆరు ఇళ్ళయ్యారు.

కుర్చీలు లేనే లేవా అంటే ఉన్నాయి, ఇంకో ధరకు. మా అమ్మాయి ఈమధ్య మమ్మల్ని, మా అత్తగారిని ఇందిరానగర్‌లో ఒక బ్రంచి హోటలుకు తీసుకెళ్ళింది. మెత్తటి సోఫాలు. పదకొండున్నరకు గుడ్లు, రొట్టె, తేనె వేసిన అట్లు. మా అత్తగారికి 76, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ సోఫాలో హాయిగా సర్దుకుని, "ఇది పొద్దుటిదా, మధ్యాహ్నానిదా అమ్మడూ?" అని అడిగారు. "రెండూనూ అమ్మమ్మా" అంది పిల్ల. "అయితే రాత్రికీ సరిపోయే ధర ఉంటుందిలే" అన్నారావిడ. గంటన్నర కూర్చున్నా ఎవరూ లేవమనలేదు. బిల్లు చూశాను. తిన్నది 2,400. దాని మీద 10 శాతం సర్వీసు చార్జి అని 240 వేశారు. తీసేయమన్నాను. మేనేజరు వాదించకుండా తీసేశాడు. జి.ఎస్.టి. 5 శాతం 120 కలిపి 2,520 కట్టి వచ్చాం.

ఈ సర్వీసు చార్జి సంగతి సభ్యులు గుర్తు పెట్టుకోవాలి. జి.ఎస్.టి. ప్రభుత్వానికి వెళ్ళే పన్ను, అది కట్టి తీరాలి. సర్వీసు చార్జి పన్ను కాదు. దాన్ని హోటళ్ళు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. సర్వరు బాగా చూసుకున్నాడనిపిస్తే మీ ఇష్టం కొద్దీ అతని చేతిలోనే పెట్టండి. వినకుండా వసూలు చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు.

మళ్ళీ మా పేట హోటలు. నేనూ, ఆ ఆరుగురిలో ఒకరైన కన్నడ మాస్టారూ కలిసి యజమాని దగ్గరికి వెళ్ళాం. ఆయన మర్యాదస్తుడు. అద్దె ఎంత పెరిగిందో, వంటవాడి జీతం ఎంతైందో చెప్పాడు, అందులో అబద్ధం ఏమీ లేదు. నేను నా లెక్కే ఆయన ముందు పెట్టాను, కాకపోతే రెండో పేజీ కూడా తీశాను. ఆ 48 మంది ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా వస్తారు గాని పదిన్నరకు రారు కదా? పదింటి నుంచి పన్నెండు దాకా మీ బల్లలన్నీ ఖాళీయే. ఆ వేళకు గోడ పక్కన నాలుగు కుర్చీలు వేస్తే మీకు పోయేదేమిటి? కాసేపు కౌంటరు వైపు చూసి, "ఆయ్తు, నోడోణ" అన్నాడు. సరే, చూద్దాం అని.

రెండు వారాల తర్వాత నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చిన్న బల్ల వచ్చాయి. పైన పెద్దలకు మాత్రమే అని కన్నడంలో ఒక అట్ట. అట్ట ఉన్నా కుర్రవాళ్ళు ఫోను చూసుకుంటూ వాటిలోనే కూర్చుంటారు. అయితే అక్కడ పాత సర్వరు ఒకడున్నాడు. మా అత్తగారు గుమ్మంలో కనబడగానే వాళ్ళను లేపి, "అజ్జీ, కూత్కొళ్ళి" అని కుర్చీ తుడిచి వేస్తాడు. హిందూపురం పెద్దాయన ఇంతవరకు రెండుసార్లు వచ్చారు. పదింటి దాకా ఆకలికి ఆగలేనని మూడోసారి రాలేదు. షుగరు ఉంది, మాత్ర వేసుకున్నాక తినకుండా ఉండకూడదు. ఇంట్లో కాస్త ఏదైనా తిని, కాఫీకి మాత్రం పదింటికి రమ్మని మాస్టారు ఫోనులో నచ్చజెబుతున్నారు.

ట్రిప్లికేను రత్నా కెఫెలో సాంబారు ఇడ్లీ తినే మన మద్రాసు సభ్యులూ, మాటుంగా ఉడుపి హోటళ్ళ ముందు వరుసలో నిలబడే బొంబాయి సభ్యులూ, బరంపురం, యానాం కుటుంబాలవారూ ఒక కార్డు ముక్క రాయండి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు తీరిగ్గా కూర్చుని టిఫిను తినగల హోటళ్ళేవి, మెట్లు ఎన్ని, ఏ వేళకు రద్దీ తక్కువ, ఎంతసేపు కూర్చోనిస్తారు. సంపాదకులతో మాట్లాడాను. వచ్చే సంచికలో ఊళ్ళవారీగా ఒక పేజీ ఇస్తామన్నారు.