అందరూ చూసింది అందరి సొత్తా?

ఇటీవల ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సుకి మా సంస్థ నుంచి ముగ్గురం వెళ్ళాం. డిజిటల్ మాధ్యమాలు, సినిమా, ఆదివాసీ యువత అస్తిత్వం మీద చర్చ. పత్రం సమర్పించిన ఆచార్యుడు తెర మీద ఒక చిన్న వీడియో వేశారు. ఒక గోండు అమ్మాయి పెళ్ళిపందిట్లో పాడుతోంది. పదహారేళ్ళు దాటి ఉండవు. ముఖం, పేరు, ఊరు అన్నీ కనిపిస్తున్నాయి. "ఈ అమ్మాయిని అడిగారా సార్?" అని మాలో ఒకరు లేచారు. ఆయన ఆశ్చర్యపోయారు. "అది పబ్లిక్‌లోనే ఉంది కదమ్మా, ఎవరైనా చూడొచ్చు" అన్నారు. సభలో చాలా తలలు ఊగాయి.

ఆ జవాబు మనకి కొత్త కాదు. వీధిలో నడిచే స్త్రీని ఎవరైనా చూడొచ్చు, చూశాక ఏమైనా అనొచ్చు అనే వాదనతోనే కదా మనం ఇన్నేళ్ళుగా తలపడుతున్నది! అదే వాదన పరిశోధనా పద్ధతి అనే వేషం కట్టుకొస్తే మాత్రం మర్యాదగా చప్పట్లు కొట్టాలా? ఆ అమ్మాయి పాడింది తన స్నేహితురాళ్ళ కోసం, మేనత్తల కోసం. ఒక సిద్ధాంతానికి ఉదాహరణగా నిలబడటానికి కాదు.

చట్టం ఆదుకుంటుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తానే బహిరంగపరచిన వివరాలకు వర్తించదు. నిర్ణీత ప్రమాణాలు పాటిస్తే పరిశోధనకీ మినహాయింపు ఉంది. అంటే ఆచార్యుల వారు చట్టరీత్యా తప్పించుకోవచ్చు. నేను మాట్లాడుతున్నది న్యాయం గురించి.

ఆదిలాబాద్‌కి పండితులు రావడం ఇప్పుడు మొదలైంది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. భూమి పట్టాలకీ గోండి బడులకీ కారణమయ్యారు. ఆయన భార్య బెట్టీ సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. ఊరు వాళ్ళిద్దరినీ తనవాళ్ళనే అనుకుంది. ఆ మేలుని కాదనను. కానీ ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ ఫొటోల్లోని స్త్రీల మనవరాళ్ళు తమ అవ్వ ముఖం చూడాలంటే లండన్ వాళ్ళ తలుపు తట్టాలి. అంత ప్రేమగా పనిచేసిన మనిషి విషయంలోనే ఇలా ఉంటే, ఊరి ముఖమే చూడకుండా గదిలో కూర్చుని వీడియోలు ఏరుకునేవాళ్ళ సంగతి ఏమిటి?

2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. సినిమా మొదటి ఘట్టం గుర్తుందా? గోండు పిల్ల పాట, చేతిమీద వేసిన బొమ్మ దొరసానికి నచ్చుతాయి. నాణేలు పడతాయి. పాటకి ఇచ్చిన బహుమానం అనుకుంటుంది తల్లి. అవి పిల్లని కొన్న డబ్బులని తర్వాత తెలుస్తుంది. ఆ సినిమాతో నాకు చాలా పేచీలున్నాయి, అవి ఇంకోసారి. ఆ ఒక్క ఘట్టం మాత్రం ప్రతి పరిశోధకుడూ రెండుసార్లు చూడాలి.

ఇంకో సంగతి. 'ఆదివాసీ యువత' అని వీళ్ళు రాసే మాటలో ఎవరున్నారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు దేశంలో 33 శాతం, పురుషులు 57 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతమే. ఇవి అన్ని కులాల, తెగల స్త్రీల సగటు లెక్కలు. ఇంట్లో ఫోను ఒక్కటే ఉంటే అది అన్న చేతిలో ఉంటుంది. చెల్లెలు అడిగి తీసుకుని, చూసిందేమిటో చెప్పి తిరిగివ్వాలి. కాబట్టి తెర మీద దొరికిన 'యువత' చాలావరకు అబ్బాయిలు. అమ్మాయిలు అందులో పాటగా, ఆటగా, చీరకట్టుగా మాత్రమే కనిపిస్తారు. దీన్ని ఆదివాసీ అస్తిత్వం అని పేరు పెట్టి అచ్చువేస్తే, అన్న చేతిలోని ఫోనుకి విశ్వవిద్యాలయం ముద్ర వేసినట్టే.

ఇలాంటి చోట ఏం చేయాలో వేరే దేశాల ఆదివాసులు ఎప్పుడో చెప్పారు. కెనడాలో మూలవాసులు 1998లోనే తమ సమాచారం మీద యాజమాన్యం, అదుపు, అందుబాటు, స్వాధీనం తమవేనని సూత్రాలు రాసుకున్నారు. మరుసటి ఏడాది మావోరీ పండితురాలు లిండా తుహివాయ్ స్మిత్, పరిశోధన అనే మాటే మూలవాసులకి ఎంత చేదో ఒక పుస్తకమే రాసింది. మనకి 1996 నాటి పెసా చట్టం ఉంది. సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఇచ్చింది. మంచిదే. అయితే గ్రామసభలో వెనక వరసలో కూర్చునే ఆడపిల్ల మాట? పటేలు ఒప్పుకుంటే ఆమె ఒప్పుకున్నట్టేనా? సమష్టి హక్కు అన్న పేరుతో ఆమె నోరు మూయడం నాకు సమ్మతం కాదు. ఊరినీ అడగాలి, ఆమెనీ అడగాలి. ఆమె కాదంటే అక్కడితో ఆగాలి.

మనం కూడా తక్కువ తినలేదు. ఊళ్ళకి దారి చూపించేది మన కార్యకర్తలే. వార్షిక నివేదికల అట్టలమీద ఆదివాసీ పిల్లల నవ్వులు వేసుకునేది మనమే. ఆ పిల్లల్లో ఎంతమందిని అడిగాం?

పోయిన నెల మా కార్యాలయానికి ఒక పరిశోధకుడి ఉత్తరం వచ్చింది. ఇరవై మంది ఆదివాసీ అమ్మాయిల ఫోన్ నంబర్లు కావాలట. మేం మూడు ప్రశ్నలు రాసి పంపాం: వాళ్ళ భాషలో వాళ్ళకి ఏం చెబుతారు? రాసింది అచ్చుకి ముందు వాళ్ళకి చదివి వినిపిస్తారా? వద్దంటే తీసేస్తారా? జవాబు ఇంకా రాలేదు. నంబర్లు మేం పంపలేదు.