గృహోపకరణములు: ల్యాప్‌టాపు బ్యాటరీ



హుజూర్‌నగరు వంటి చిన్న పట్టణములలో గూడ చదువుకొను పిల్లలున్న ఇంట నేడు ల్యాప్‌టాపు కనబడుచున్నది. పెక్కిండ్లలో దాని ఛార్జరు రేయింబవళ్లు గోడకు తగిలియే యుండును. రెండు మూడేండ్లు గడచునప్పటికి, కరెంటు పోయిన పది నిమిషములకే తెర నల్లబడును. పరీక్ష దరఖాస్తు సగము నింపిన పిల్ల కన్నీరు పెట్టుకొనును. క్రొత్త బ్యాటరీకి కావలసిన వేలు ఏ ఖర్చు తగ్గించి తేవలెనా యని తల్లి ఆలోచింపవలసి వచ్చును.

మన ఇంట నున్న రెండు బ్యాటరీలను ఒక్క తీరున చూచుటయే దీనికి ముఖ్యకారణము. మూలనున్న ఇన్వర్టరు బ్యాటరీ సాధారణముగా సీసముతోను గంధకామ్లముతోను చేసినది. అది వృకోదరుని వంటిది. ఎల్లప్పుడు కడుపు నిండుగా నుండవలెను. ఖాళీగా వదలితిమా, సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి శక్తి నశించును. ల్యాప్‌టాపులోనిది లిథియము అయాను బ్యాటరీ. ఇది మితాహారి. నిండుగా ఛార్జి అయినపుడు దీని ఒక్కొక్క సెల్లు సుమారు 4.2 వోల్టుల కెక్కును. ఆ స్థితిలో నెలల తరబడి నిలిపినచో లోపలి ద్రవము మెల్లమెల్లగా చెడి, పట్టు శక్తి తఱిగిపోవును. వేడి తోడైనచో ఆ చేటు ఇనుమడించును. సీసపు బ్యాటరీలకు పేరుపొందిన అమరరాజా సంస్థవారు ఈ లిథియము సెల్లుల కొఱకు మన పొరుగుననే, మహబూబ్‌నగరు చెంత దివిటిపల్లిలో, 2023 మే నెలలో కర్మాగారమునకు శంకుస్థాపన చేయించిరి.

ఛార్జరు తీయకున్న బ్యాటరీలోనికి కరెంటు పోయుచునే యుండునని కొందఱి భయము. అది నిజము కాదు. నిండగానే యంత్రము తనంత ఛార్జింగు నాపి, గోడ కరెంటుతోనే నడచును. కావున గంట కొకసారి తీగె ఊడబెరుకు శ్రమ వలదు. చేయవలసినది, 80 శాతము దగ్గఱ ఆగునట్లు ఏర్పాటు చేయుటయే. లెనొవో యంత్రములలో వాంటేజ్ అను ఆప్‌నందును, అసూస్ యంత్రములలో మై అసూస్ నందును ఈ సదుపాయము కలదు. డెల్ మొదలగు ఇతరులును ఇచ్చుచున్నారు. ప్రయాణదినమున మాత్రము నూఱు శాతము నింపుకొనవచ్చును. ఏర్పాటు లేని పాత యంత్రమైనచో అప్పుడప్పుడు తీగె తీసి, 40 శాతము వఱకు వాడి మరల తగిలింపుడు. పూర్తిగా సున్నకు దింపవలెనను సలహా నికెలు బ్యాటరీల కాలము నాటిది, దీనికి పనికిరాదు. సెలవులలో మూసి పెట్టునపుడు సగము ఛార్జి ఉంచుట మేలు.

ఇక ఎండ. మన ప్రాంతపు వైశాఖమాసమున 40 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. రేకుల గదిలో, పరుపుపై, దిండుపై ల్యాప్‌టాపు నుంచినచో గాలి రంధ్రములు మూసికొని యంత్రము కాగిపోవును. చెక్కపీట చాలును, మన పూజగదిలోనిది తప్ప ఏదైనను సరే!

అడుగుభాగము ఉబ్బినను, వ్రేలితో రాయు పలక పైకి లేచినను, మూత సరిగా మూతపడకున్నను లోపల వాయువు చేరినదని గ్రహింపుడు. వెంటనే ఛార్జరు తీసి, యంత్రము నాపి, పిల్లల కందకుండ ఉంచుడు. నొక్కుట, గ్రుచ్చుట ప్రమాదకరము, అగ్ని పుట్టవచ్చును. మరమ్మతు తెలిసినవారి చేతనే తీయింపుడు. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమావళి ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరింపించు బాధ్యత తయారీదారులది గనుక, క్రొత్తది కొను చోటనే పాతదానిని ఇచ్చు మార్గ మడుగుడు.