సీసా ఖాళీ అవ్వాల్సిందేనా?

సబ్బుకి, చాక్లెట్‌కి, కారుకి... టీవీలో అన్నిటికీ యాడ్స్ వస్తాయి. పసిపిల్లల పాలసీసాకి మాత్రం రావు, గమనించారా? 1992లో వచ్చిన చట్టం ప్రకారం మన దేశంలో పసిపిల్లల పాలపొడికి, పాలసీసాలకి ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లిపాలకి అవి పోటీ కాకూడదనే ఈ నిషేధం. మంచిదే. కానీ పాలు చాలకో, అమ్మ ఆఫీసుకి వెళ్లాల్సి వచ్చో, డాక్టర్ చెబితేనో చాలా ఇళ్లలోకి సీసా వస్తూనే ఉంది. దాన్ని ఎలా పట్టాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లే తక్కువ. ఎక్కువగా వినబడే సలహా ఒక్కటే: "ఉన్నవన్నీ తాగించెయ్!"

చిక్కంతా అక్కడే. అమ్మ దగ్గర తాగేటప్పుడు ఎంత చాలో బిడ్డకే తెలుసు. సీసా పట్టుకున్నాక మన కళ్లు దాని మీది గీతలకి అతుక్కుపోతాయి. 120 మి.లీ. కలిపితే, చివరి 20 కూడా కడుపులోకి వెళ్లేదాకా మనకి మనశ్శాంతి ఉండదు. అలా కుక్కితే కక్కుకోవడం, కడుపు ఉబ్బరం, ఏడుపు.

కాబట్టి పగ్గాలు బిడ్డకే ఇవ్వండి. పడుకోబెట్టి పట్టొద్దు, తల కాస్త ఎత్తుగా ఉండేలా ఒళ్లోకి తీసుకోండి. పీకని పెదవికి తాకించి, నోరు తెరిచేదాకా ఆగండి. సీసాని నిటారుగా వంచకుండా దాదాపు అడ్డంగా పట్టుకుంటే పాలు ధారగా పడవు, పొలమారదు. మధ్యమధ్యలో సీసా దించి ఊపిరి తీసుకోనివ్వండి. తల తిప్పుకున్నా, పెదవులు బిగించినా, చప్పరించడం ఆపేసినా చాలని అర్థం. భుజాన వేసుకుని త్రేన్పు రానివ్వండి. దిండుకి సీసా ఆనించి ఫోన్ చూసుకోవడం మాత్రం వద్దే వద్దు. ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది.

ఇక కలపడం. పాలపొడిలో సూక్ష్మక్రిములు ఉండొచ్చు. అందుకే నీళ్లు మరిగించి, 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ముందు నీళ్లు, తర్వాత పొడి. డబ్బాతో వచ్చిన స్కూప్‌నే వాడి, పైన సమంగా గీయండి. డబ్బా త్వరగా అయిపోతోందని నీళ్లు ఎక్కువ పోస్తే బిడ్డకి పోషణ చాలదు. పొడి ఎక్కువ వేసినా హానే. సీసాని చల్లార్చి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసి చూసుకుని పట్టండి. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట గోరువెచ్చగా, ఇంకోచోట కాలిపోయేలా వేడెక్కుతాయి. కలిపిన రెండు గంటల్లోపు తాగించాలి. తాగగా మిగిలినవి దాచకూడదు. సీసా, పీక విడివిడిగా బ్రష్‌తో కడిగి మరిగించాలి.

ఈ శుభ్రం కుదరనివాళ్లకి మన ఉగ్గుగిన్నే మేలు. పీక లేదు, ఇరుకు సందుల్లేవు, కడగడం తేలిక. అందులోనూ తొందర పనికిరాదు.

మరి కడుపు నిండిందో లేదో ఎలా తెలుస్తుంది? మొదటి వారం దాటాక రోజుకి ఆరుసార్లైనా పక్క తడుపుతూ, బరువు పెరుగుతుంటే సరిపోతున్నట్టే. అనుమానం ఉంటే డాక్టర్‌ని అడగండి.

అంతా బాగుండి చివర్లో 20 మి.లీ. మిగిలితే సింక్‌లో పారబోసేయండి. పాలు వృథా అని అత్తయ్య అంటే, "చాలంది అత్తయ్యా" అని చెప్పండి. బిడ్డకి ఇంకా మాటలు రాలేదు కదా, దాని తరఫున మీరే చెప్పాలి.