రౌటరు మార్చే ముందు...

మేడ మీద గదిలో అబ్బాయి ఆఫీసు మీటింగులో ఉంటాడు. కింద గదిలో అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసు. హాల్లో తాతయ్య యూట్యూబులో పాత సినిమా చూస్తుంటారు. సరిగ్గా అబ్బాయి మాట్లాడాల్సిన సమయానికే గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించడం మొదలవుతుంది. ఇక లాభంలేదని మర్నాడే ఇంకా పెద్ద ప్లాన్ తీసుకుంటారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే గోల!

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. లోపం ఒకచోట ఉంటే డబ్బు మరోచోట పెడతాం. నిజానికి ఒక వీడియో మీటింగుకు నాలుగైదు ఎంబీపీఎస్ వేగం చాలు. మరి 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో అది ఎందుకు అందడంలేదు? ముందు తేల్చుకోవాల్సింది ఆ సంగతి.

పైసా ఖర్చులేని పరీక్ష

ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా రౌటరుకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత వైరు తీసేసి, ఇబ్బంది వస్తున్న గదిలో వైఫైతో మళ్లీ చేయండి. వైరుతో ప్లాన్ ప్రకారం వేగం వచ్చి, గదిలో రాకపోతే తప్పు నెట్ కంపెనీది కాదు, ఇంట్లోని వైఫైది. వైరుతోనే రాకపోతే అప్పుడు కంపెనీకి ఫోన్ చేయాలి.

300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా వైరులో 95 దగ్గరే ఆగిపోతోందా? అప్పుడు రౌటరు పోర్టునో, ల్యాప్‌టాప్ పోర్టునో, వైరునో అనుమానించాలి. ల్యాన్ కేబుల్ లోపల ఎనిమిది సన్నని తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు సరిపోతాయి. అంతకుమించిన వేగానికి ఎనిమిదీ కావాలి. ఒక్కటి తెగినా వేగం 100కి పడిపోవచ్చు. కాబట్టి కొత్తగా వైరు లాగిస్తుంటే క్యాట్-6 రకం వేయించుకోవడం మేలు.

మరోమాట. ఎంబీపీఎస్ అంటే మెగాబైట్లు కాదు, మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అందుకే 100 ప్లాన్‌లో సినిమా డౌన్‌లోడ్ సెకనుకు 12 మెగాబైట్ల దగ్గరే ఉంటే కంగారు పడక్కర్లేదు.

ఎక్కడ పెట్టారు?

ఫైబర్ వైరు వచ్చేది గుమ్మం దగ్గరికి కనుక రౌటరూ అక్కడే మూలన ఉండిపోతుంది. లేదంటే టీవీ వెనక్కో, ఇనుప బీరువా పక్కకో చేరుతుంది. ఇనుము, నీళ్లు, కాంక్రీటు వైఫైకి అడ్డుగోడలే. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెడితే సగం సమస్య తీరిపోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, గోడలు దాటడం కష్టం. రౌటరు ఉన్న గదిలో రెండోదీ, దూరపు గదుల్లో మొదటిదీ వాడుకోవాలి.

స్లాబు దాటి మేడ మీదికి సిగ్నల్ రావాలంటే మాత్రం పైకి ఒక ల్యాన్ వైరు లాగి, అక్కడ మరో రౌటరును 'యాక్సెస్ పాయింట్'గా పెట్టడం ఉత్తమం. మూలన పడేసిన పాత రౌటరు ఈ పనికి తరచూ సరిపోతుంది. చవగ్గా దొరికే రిపీటర్ సాధారణంగా వచ్చిన వేగంలో సగం తానే తినేస్తుంది.

కొనాల్సి వస్తే...

వైఫై 6 ధ్రువీకరణ 2019లో, వైఫై 7 ధ్రువీకరణ 2024లో మొదలయ్యాయి. అయితే ఇంట్లో ఫోన్లన్నీ వైఫై 5 రకానివైతే ఖరీదైన వైఫై 7 రౌటరు తెచ్చినా ఆ అదనపు వేగం వాటికి అందదు. రౌటరు పెట్టగానే దాంతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చేయాలి. తయారీ సంస్థ అప్‌డేట్లు ఆపేసిన పాత రౌటరు పనిచేస్తున్నా మార్చడమే క్షేమం. ఆ దారిలోనే కదా బ్యాంకు లావాదేవీలన్నీ జరిగేది!

కంప్యూటరు నెమ్మదించి నింద నెట్ మీద పడటమూ మామూలే. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీకి పెంచితే చాలాసార్లు కొత్తది కొనక్కర్లేదు. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 భద్రతా సదుపాయం కావాలి. అది ఉందో లేదో చూశాకే పాత దానిమీద ఖర్చు పెట్టండి.

కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో రౌటరు ఆగి మళ్లీ మొదలైతే మీటింగు పోయినట్టే. అడాప్టరు మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి, దానికి తగిన మినీ యూపీఎస్ తెచ్చుకోండి. ఫైబర్ డబ్బా వేరుగా ఉంటే దానికీ కావాలి.

పాత కంప్యూటరును పాత సామాన్లవాడికి వేసేముందు అందులోని పిల్లల ఫొటోలు, పాన్ కాపీలు, ఇంటి కాగితాలు రెండుచోట్ల దాచుకోండి. హార్డ్‌డిస్కు మాత్రం తీసి ఇంట్లోనే ఉంచుకోండి. డిలీట్ చేసినంత మాత్రాన అందులోని సమాచారం చెరిగిపోదు. మిగతా సామాను అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి.